పూలు వాడిపోయినాక లిల్లీని ఏం చెయ్యాల? కడప చెల్లెలికి జవాబు

ప్రశ్న: అక్కా, మాది కడప. మిద్దె మీద ఎర్ర లిల్లీలు ఎనిమిది కుండీల్లో ఉన్నాయి. ఈసారి మార్చి ఆఖర్లో ఆరు కుండీలు బాగా పూసినాయి, రెండు అసలు మొగ్గే వేయలేదు. పూలు వాడి కాడల చివర పచ్చ కాయలు వచ్చినాయి. అవి విత్తనాలు, కోయొద్దు అంటారు మా అత్తమ్మ. పక్కింటావిడేమో కాడలు, ఆకులు అన్నీ గడ్డ దాకా కోసేస్తేనే మళ్లీ పూస్తాది అంటుంది. పోయినేడు ఆమె మాట విని రెండు కుండీలకి అట్లనే కోసినాను, ఈ ఏడు పూయనివి ఆ రెండే. ఇంకా ఆన్‌లైన్‌లో తెప్పించిన ఏషియాటిక్ లిల్లీలు రెండు కుండీల్లో ఉన్నాయి, జనవరిలో పూసినాయి, ఇప్పుడు ఆకులు పసుపు పడిపోతున్నాయి, పారేయాలా ఉంచుకోవాలా? ఇంట్లో పిల్లి కూడా ఉంది, మొక్కల పక్కనే పడుకుంటాది. కొంచెం వివరంగా చెప్పక్కా.

జవాబు: చెల్లీ, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది చూడు, ఆకులు కోసిన రెండు కుండీలే పూయలేదు. పూయకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, గడ్డ చిన్నదైనా పూయదు, నీడలో ఉన్నా పూయదు, కానీ ఒకే మిద్దె మీద ఒకే నీళ్లు పోసిన ఎనిమిదిట్లో ఆ రెండే ఆగిపోయినాయంటే కారణం చానా వరకు అదే. కాబట్టి ఈ ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో, లిల్లీకి వాడిన పువ్వు కోయాల, కాయ కోయాల, ఆకు మాత్రం అది పచ్చగా ఉన్నన్ని రోజులు ముట్టుకోకూడదు. పక్కింటావిడ చెడు చెప్పాలని చెప్పలేదు, గులాబీకి మల్లెకి కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుర్లొచ్చి పూస్తాయి కదా, అదే పద్ధతి దీనికీ అనుకుంటారు చానా మంది. మల్లెకి పువ్వు కొత్త కొమ్మ మీద వస్తాది, లిల్లీకి గడ్డ లోపల్నించి వస్తాది, తేడా అక్కడుంది.

నువ్వు ఎర్ర లిల్లీ అంటున్నావు, మార్చి ఆఖర్లో పూసింది, లావు బోలు కాడ మీద మూడు నాలుగు పెద్ద పూలు, కింద పట్టీల్లాంటి పొడుగాకులు, నున్నటి ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) లాంటి గడ్డ మట్టిలోంచి సగం బయటికి కనపడుతూ ఉంటే అది హిప్పియాస్ట్రం, నర్సరీల్లో అమరిల్లిస్ అంటారు. దీని గడ్డ లోపల ఏం జరుగుతుందంటే, ఇంచుమించు నాలుగు ఆకులు పెరిగేసరికి ఒక పూకాడ మొగ్గ లోపల తయారవుతాది, అది బయటికి రాకుండా నెలల తరబడి అక్కడే దాక్కుని ఉంటాది. అంటే వచ్చే మార్చిలో నువ్వు చూడబోయే పువ్వు ఈ ఎండాకాలం, ఈ వానాకాలం ఆకులు చేసిన తిండితోనే పెరుగుతాది. పువ్వు అయిపోయింది కదా ఇంగ మొక్క పని అయిపోయింది అని మనమనుకునే టైంలోనే దాని అసలు పని మొదలవుతాది. ఆకులు కోసేస్తే గడ్డ తనలో దాచుకున్నది ఖర్చు పెట్టి మళ్లీ కొత్త ఆకులు వేస్తాది, చిన్నదైపోతాది, మొగ్గకి ఏమీ మిగలదు.

ఇప్పుడు కోయడం ఎట్లనో చెప్తాను. వాడిన పువ్వుని దగ్గరగా చూడు, రేకులు ఎండి పల్చటి కాగితంలాగా ముదురు ఎరుపులో ముడుచుకుపోయి వేలాడుతుంటాయి, వాటి వెనక కాడకి అతుక్కునే చోట మూడు పలకలుగా చిన్న పచ్చ బుడిపె ఉంటాది. అదే కాయ అయ్యేది. చానా మంది రేకులు మాత్రం లాగి పారేసి డెడ్‌హెడింగ్, అంటే వాడిన పూలు తీసేసే పని, అయిపోయిందనుకుంటారు, బుడిపె అట్లనే ఉండిపోతాది, వారం పది రోజులకి ఉబ్బుతాది, గడ్డలోని బలమంతా దాంట్లోకి పోతాది. నువ్వు ఎడమ చేత్తో కాడ కదలకుండా పట్టుకుని, బుడిపె కింద సన్నటి తొడిమ ఉంటాది చూడు, అక్కడ బొటనవేలి గోరుతో గిల్లేయి, లేత దశలో చిన్న శబ్దంతో టక్కున తెగిపోతాది. ఒక కాడ మీద అన్ని పూలు ఒకేసారి వాడవు కాబట్టి వాడింది వాడినట్టు గిల్లుకుంటూ పోవాల, పక్కన మొగ్గ ఉంటే దాన్ని కదపొద్దు. నీ కాయలు ఇప్పటికే ముదిరి ఉంటే గోటికి తెగవు, చిన్న కత్తెర వాడు.

కాడ సంగతి. పూలన్నీ అయిపోయినాక కూడా కాడ పచ్చగా ఉందంటే అది కూడా ఆకులాగే ఎండ తీసుకుని తిండి చేస్తాది, గడ్డలోకి పంపిస్తాది. అందుకని పచ్చ కాడని వెంటనే కోయొద్దు, అదే పసుపు తిరిగి మెత్తబడి వాలిపోతాది, అప్పుడు గడ్డకి రెండంగుళాలు పైన కోసెయ్. గుంజి పీకొద్దు, గడ్డ మెడ చీలిపోతాది. లోపల బోలుగా ఉంటాది కదా, కోసిన రోజు దాంట్లోంచి నీళ్లలాంటి రసం కారుతాది, భయపడొద్దు. కోసిన మొండెంలో మాత్రం నీళ్లు నిలబడకుండా చూసుకో, పైపుతో పైనుంచి నీళ్లు కొడితే ఆ గొట్టంలో నిలిచి కుళ్లు గడ్డలోకి దిగుతాది.

ఇంకో మాట, ఇది చానా మంది పట్టించుకోరు. ఒక కుండీలో కోసిన కత్తెరతోనే ఇంకో కుండీలో కోస్తుంటాం. ఈ మొక్కలకి మొజాయిక్ అనే వైరస్ ఉంది, ఆకు మీద లేత పసుపు, పచ్చ చారలు చారలుగా కనపడతాయి, దానికి మందు లేదు, రసం ద్వారా కత్తెరకి అంటుకుని పక్క మొక్కకి పోతాది. కుండీ మారినప్పుడల్లా కత్తెర బ్లేడ్లని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుచుకో, ఒక్క నిమిషం పని. అట్ల చారలున్న మొక్క కనపడితే దాన్ని చివరాఖరున కోయి, వీలైతే వేరుగా పెట్టెయ్.

మీ అత్తమ్మ గారి మాట కూడా తప్పు కాదు చెల్లీ. విత్తనం నిజంగానే వస్తాది. అన్ని కాయలు ఉంచితే గడ్డలన్నీ నీరసపడతాయి కాబట్టి ఆరింట్లో బాగా బలంగా ఉన్న ఒక మొక్కకి ఒకే ఒక కాయ ఉంచి అది ఆమె కోసమని చెప్పు. నెలా నెలన్నరకి కాయ పసుపు పడి మూడు చీలికలుగా పగులుతాది, లోపల నల్లటి పల్చటి విత్తనాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాచిపెట్టకుండా వెంటనే వేసెయ్యాల, పాతబడితే మొలవవు. తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద పరిచి పైన పల్చగా కప్పితే రెండు మూడు వారాల్లో సన్నటి గడ్డిపోచల్లాగా వస్తాయి. పువ్వు చూడాలంటే మూడు నాలుగేళ్లు ఆగాల, రంగు కూడా తల్లి రంగే వస్తాదని చెప్పలేం. తొందరగా కావాలంటే పెద్ద గడ్డ పక్కన పిల్ల గడ్డలు వస్తాయి కదా, వాటిని కుండీ మార్చేటప్పుడు విడదీసుకోవడమే మేలు.

ఇంగ ఈ ఎండ. కడపలో మే నెల అంటే తెలిసిందే, 42 దాటుతాది, మిద్దె మీద సిమెంటు కాలిపోతుంటాది, కుండీలో మట్టి కూడా అంతే కాలుతాది, నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వేర్లు ఉడికిపోతాయి. ఆకులు మాడితే ఆకు కోసినదానికీ దానికీ తేడా ఏముంది, గడ్డకి రెండూ నష్టమే. కుండీలని పొద్దున పది దాకా ఎండ తగిలే తూర్పు గోడ పక్కకి జరుపు, లేకపోతే 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టు. కుండీలు నేరుగా సిమెంటు మీద కాకుండా ఇటుకల మీద పెట్టు. మట్టి మీద రెండంగుళాలు ఎండాకు గానీ శెనక్కాయ పొట్టు గానీ పరుచు, మన జిల్లాల్లో దానికి కరువు లేదు, తడి ఎక్కువసేపు ఉంటాది, గడ్డ మెడకి మాత్రం ఆనకుండా చుట్టూ వేయాల. నీళ్లు పొద్దున్నే పోయాల, పై మట్టి వేలు పెట్టి చూస్తే ఒక అంగుళం ఆరినప్పుడే. మిట్టమధ్యాహ్నం వాలిపోయినట్టు కనపడుతుంది కదా అని పోసేయొద్దు, సాయంత్రానికి లేస్తే మొక్కకి నీళ్లు ఉన్నట్టే.

మన బోరు నీళ్ల గురించి కూడా చెప్పాల. మట్టి కుండీ బయట తెల్లగా సున్నం పూసినట్టు పేరుకుంటాది కదా, అది నీళ్లలోని ఉప్పు, లోపల మట్టిలో కూడా అంతే పేరుకుంటుంటాది, ఆకు కొసలు గోధుమ రంగులో మాడేది చానాసార్లు దీనివల్లే. మొదటి గట్టి వాన పడినప్పుడు కుండీలని వానలోకి జరిపి కింద తూట్లలోంచి నీళ్లు బాగా కారిపోనీ, ఆ ఉప్పంతా కొట్టుకుపోతాది. వాన నీళ్లు రెండు డ్రమ్ములు పట్టుకుంటే ఇంకా మంచిది. అనంతపురం వైపు నుంచి చదివే వాళ్లకి ఒక మాట, అక్కడ చానా ఊర్లలో భూగర్భ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నిజమైన లిల్లీలకి, అంటే ఏషియాటిక్, ఈస్టర్ లిల్లీల్లాంటి వాటికి ఫ్లోరైడ్ పడదు, ఆకు కొసలు మాడిపోతాయి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటాది కాబట్టి ఆ లిల్లీల కుండీల్లో అది వేయొద్దు, ఫాస్ఫరస్ కావాలంటే ఎముకల పొడి ఒక పిడికెడు నాటేటప్పుడే కలుపుకోవాల.

ఎరువు. పూలు అయిపోయినాయి కాబట్టి ఇప్పుడు ఎరువెందుకు అంటారు, ఇప్పుడే కావాల. కుండీకి రెండు పిడికెళ్లు బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ, ఒక చెంచా వేపపిండి పై మట్టిలో కలిపెయ్. జూలై దాకా పదిహేను రోజులకొకసారి 19-19-19 అనే నీళ్లలో కరిగే ఎరువు లీటరుకి రెండు గ్రాములు కలిపి పోయొచ్చు, మట్టి తడిగా ఉన్నప్పుడే, పొడి మట్టి మీద ఎప్పుడూ పోయొద్దు. ఆగస్టు నుంచి పొటాష్ మీదికి మారాల, పులివెందుల వైపు అరటి రైతులు వాడే 0-0-50 ఏ ఎరువుల షాపులోనైనా దొరుకుతాది, అదీ లీటరుకి రెండు గ్రాములే, ఎక్కువ పోస్తే ఎక్కువ పూలు రావు. శెనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లు మనవాళ్లు అన్నిటికీ పోస్తారు, దాంట్లో నత్రజని ఎక్కువ, ఆకులు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి పువ్వు రాదు, నెలకోసారికి మించొద్దు. పొయ్యి బూడిద అసలొద్దు. బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే కానీ మన మట్టీ నీళ్లూ అసలే క్షార గుణం, బూడిద దాన్ని ఇంకా పెంచుతాది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేక కొత్తాకులు ఈనెలు మాత్రం పచ్చగా మధ్యలో పసుపుగా వస్తాయి.

వానలు మొదలైనాక రోజూ ఒకసారి ఆకుల అడుగు తిప్పి చూడు, ఇది మర్చిపోవద్దు. లిల్లీలకే వచ్చే ఒక గొంగళిపురుగు ఉంది, నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలు, మధ్యలో ఎరుపు మచ్చలు, చూడ్డానికి అందంగా ఉంటాది, ఒక్కటి రాదు గుంపుగా వస్తాయి, రెండు మూడు రోజుల్లో ఆకులన్నీ గడ్డ దాకా తినేసి గడ్డలోకి కూడా దిగుతాయి. నువ్వు కత్తెరతో చేసిన పనే అవి పళ్లతో చేస్తాయి. కొత్తగా పుట్టినప్పుడు చిన్నగా ఒకే ఆకు మీద గుంపుగా ఉంటాయి, ఆ దశలో ఆ ఆకు ముక్క కోసి సబ్బు నీళ్లలో వేస్తే పని అయిపోతాది. మిగిలినవాటికి సాయంత్రం పూట వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలు సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున కూడా తడిసేట్టు కొట్టు, వారానికోసారి. ఆకు మీద, కాడ మీద ఎర్రటి గీతలు, మచ్చలు కనపడితే అది పురుగు కాదు బూజు తెగులు, ఆ భాగం కోసి పారేసి, పైనుంచి నీళ్లు కొట్టడం మానెయ్.

అక్టోబర్, నవంబర్ వానలు మనకి ఇంకా ఉంటాయి, నల్లరేగడి మట్టి నింపిన కుండీ అయితే ఆ టైంలోనే గడ్డ కుళ్లేది, మట్టి నీళ్లు పట్టుకుని వదలదు. అందుకే అక్టోబర్ ఆఖరుకి ఎరువు ఆపేసి, నవంబర్ మధ్య నుంచి కుండీలని వాన తగలని చూరు కిందికి చేర్చి నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి ఆపెయ్. ఆకులు వాటంతటవే పసుపు పడి ఎండుతాయి, ఎండినవి చేత్తో లాగితే ఊడి వస్తాయి, ఆకులు తీసేయాల్సింది అప్పుడు. కొన్నిటికి ఆకులు పూర్తిగా పోవు, పోకపోయినా పర్వాలేదు. ఎనిమిది పది వారాలు అట్ల రెస్ట్ ఇచ్చి ఫిబ్రవరి మొదట్లో ఒకసారి బాగా నీళ్లు పోసి ఎండలోకి తీసుకురా, మొగ్గ ముక్కు కనపడేదాకా నీళ్లు తక్కువే పోస్తూ ఉండు. కుండీ మార్చాలంటే కూడా అదే టైం, కానీ మూడేళ్లకోసారి చాలు, దీనికి ఇరుకు కుండీ అంటేనే ఇష్టం, గడ్డలో మూడో వంతు మట్టి పైనే ఉండాల.

ఆ రెండు పూయని కుండీల గురించి బెంగ పెట్టుకోవద్దు. గడ్డ గట్టిగా ఉందా లేదా వేళ్లతో నొక్కి చూడు, గట్టిగా ఉంటే బతికే ఉంది. ఈ ఏడు ఆకులు పూర్తిగా పెరగనిస్తే వచ్చే ఏడు పూయొచ్చు, గడ్డ బాగా చిన్నదైపోయి ఉంటే ఆ మరుసటేడు.

ఏషియాటిక్ సంగతి వేరు. అది చలి దేశాల మొక్క, గడ్డకి చలి తగిలితేనే మళ్లీ కాడ లేచి పూస్తాది, మన దగ్గర దానికి సరిపోయే చలి రాదు. నీకు వచ్చిన గడ్డలు చల్లటి గోడౌన్లలో పెట్టి పంపినవి కాబట్టి జనవరిలో పూసినాయి. పూసి మూడు నెలలైంది, ఎండ ముదిరింది, ఆకు పసుపు పడటం సహజం, రోగం కాదు. ఆకులు మొత్తం ఎండేదాకా చల్లటి నీడలో ఉంచి మట్టి పూర్తిగా ఎండిపోకుండా కొద్ది కొద్దిగా తడుపుతూ ఉండు, ఎందుకంటే ఈ గడ్డకి ఎర్రగడ్డకి ఉన్నట్టు పైన పొర ఉండదు, తెల్లగడ్డ లాగా రెబ్బలు రెబ్బలుగా ఉంటాది, ఎండితే వడలిపోతాది. కాడ గోధుమ రంగు తిరిగినాక మట్టి దగ్గరికి కోసెయ్. సెప్టెంబర్ మొదట్లో గడ్డలు తవ్వి మట్టి దులిపి, కడగకుండా, పిండితే చుక్క రానంత తడి ఉన్న కోకోపీట్‌లో పెట్టి, తూట్లున్న కవర్లో కట్టి ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో ఎనిమిది వారాలు ఉంచు. ఫ్రీజర్లో కాదు. ఆపిల్, అరటి పండ్లు పక్కన ఉండకూడదు, వాటి నుంచి వచ్చే గ్యాస్‌కి మొగ్గలు చెడిపోతాయి. కవరు మీద పెద్దగా రాసిపెట్టు, తెల్లగడ్డ అనుకుని ఎవరైనా వలిచేస్తారు. నవంబర్‌లో ఐదారంగుళాల లోతున నాటుకో, దీనికి కాడ నుంచి కూడా వేర్లొస్తాయి కాబట్టి అమరిల్లిస్ లాగా గడ్డ పైకి పెట్టకూడదు. ఇంత చేసినా రెండో ఏడు పువ్వు చిన్నగా రావచ్చు, రాకపోవచ్చు కూడా, మన ఎండలకి అది తట్టుకుంటే దాని గొప్పతనమే. ఇష్టమైతే చెయ్యి, కష్టమనిపిస్తే దాన్ని ఒక సీజన్ మొక్క అనుకుని ఆ కుండీల్లో రెయిన్ లిల్లీ వేసుకో, మొదటి వానకే విరగబూస్తాది, దానికి వాడిన పువ్వు గిల్లినా గిల్లకపోయినా ఏం కాదు.

ఇదే ప్రశ్న ఫుట్‌బాల్ లిల్లీ ఉన్న వాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి, దానికి మే, జూన్‌లో బంతి లాంటి పువ్వు వచ్చినాకే ఆకులు బాగా వస్తాయి, పువ్వు వాడగానే మొక్క చచ్చిపోయిందని తవ్వి పారేయకండి. పూల అంగడిలో లిల్లీ అని అమ్మే తెల్ల పూల మొక్కకి, అదే నేల సంపెంగకి, ఒక గడ్డ ఒకసారే పూస్తాది, తర్వాత పక్క గడ్డలు పూస్తాయి కాబట్టి వాటిని తవ్వి విడదీసి నాటుకోవాల.

పిల్లి. ఇది అన్నిటికంటే ముఖ్యం చెల్లీ. ఏషియాటిక్ లాంటి నిజమైన లిల్లీలు పిల్లులకి ప్రాణం తీసే విషం, ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, పూలు పెట్టిన వేజ్ నీళ్లు తాగినా కిడ్నీలు పాడవుతాయి. ఆ రెండు ఏషియాటిక్ కుండీలని పిల్లి పోలేని చోట పెట్టు, అట్లాంటి చోటు లేకపోతే ఎవరికైనా ఇచ్చేయి, నేనైతే పిల్లి ఉన్న ఇంట్లో ఏషియాటిక్ వద్దనే అంటాను. ఎప్పుడైనా తిన్నట్టు అనుమానమొస్తే వాంతులయ్యేదాకా చూడకుండా వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకుపో. ఎర్ర లిల్లీ అంత ప్రమాదం కాదు కానీ దాని గడ్డ కూడా విషమే, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, కుండీ మార్చేటప్పుడు గడ్డలు వంటింట్లో ఎర్రగడ్డల పక్కన పెట్టొద్దు, కోసిన కాడలూ ఆకులూ మేకలకి, బర్రెలకి వేయొద్దు.